‘ఒకటి రెండు చోట్ల’ అంటే మా ఊరు కాదనుకున్నాను

ఫోన్‌లో 60 శాతం వర్షమని చూపిన రోజు చినుకు కూడా పడలేదనీ, ఏమీ లేదన్న రోజు సాయంత్రం గాలివాన వచ్చి కళ్లంలో ఆరబోసిన ధాన్యం తడిసిపోయిందనీ, శ్రీకాకుళం జిల్లాలో ఈ వాతావరణ సూచనలను అసలు నమ్మవచ్చా అనీ మీరు అడిగారు. నరసన్నపేట పరిసరాల్లో వరి పండించే కుటుంబం మాది. సూచనను నమ్మడం, నమ్మకపోవడం తరువాతి మాట, ముందు అందులోని పదాలకు అర్థం తెలుసుకోవాలన్న సంగతి నాకు కొంత పంట పోగొట్టుకున్నాక గాని తెలియలేదు.

కొన్నేళ్ల క్రితం మార్గశిరంలో, కోత ముగిసి రెండెకరాల పనలు పొలంలోనే ఆరుతున్న రోజుల్లో, ‘ఉత్తర కోస్తాలో ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు’ అని రేడియోలో విన్నాను. ఇంత పెద్ద ఉత్తర కోస్తాలో ఆ ఒకటి రెండు చోట్లు వెతుక్కుంటూ మా ఊరికే ఎందుకు వస్తాయిలే అనుకుని కుప్ప వేయించలేదు. ఆ రాత్రి వాన పడింది. తెల్లవారేసరికి పనలు నీటిలో తేలుతున్నాయి, నాలుగో రోజుకు కంకుల మీదే మొలకలు వచ్చాయి. సూచన తప్పిందని చాలాకాలం అందరితో చెప్పుకున్నాను గాని, నిజానికి అది అక్షరాలా జరిగింది.

వాతావరణ శాఖ ఈ పదాలను కొలతతో వాడుతుంది. ఒక ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాలలో నాలుగో వంతుకు మించకుండా వాన పడే సూచన ఉంటే ‘ఒకటి రెండు చోట్ల’ అంటారు. 26 నుంచి 50 శాతం కేంద్రాలలో అయితే ‘కొన్ని చోట్ల’ అవుతుంది. సగానికి మించితే ‘చాలా చోట్ల’, 75 శాతం దాటితే దాదాపు అంతటా అని అర్థం. అంటే ‘ఒకటి రెండు’ అన్నది ఊళ్ల లెక్క కాదు, నాలుగు ఊళ్లలో ఒక ఊరి దాకా తడవవచ్చన్న మాట.

నన్ను అంతకంటే ఎక్కువ మోసగించిన పదం ‘మోస్తరు’. వాడుకలో అది పెద్దగా లెక్కచేయనక్కరలేని మాట. సూచనలో మాత్రం 24 గంటలలో 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్ల వరకు పడే వానంతా మోస్తరే. 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ వర్షమనీ, 115.6 నుంచి అతి భారీ అనీ, 204.4 దాటితే అత్యంత భారీ అనీ అంటారు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు కనుక, 25 మిల్లీమీటర్లు పడితే ఎకరాకు సుమారు లక్ష లీటర్లు చేరతాయి. కోసిన పనలు పాడవడానికి భారీ వర్షం రానక్కరలేదు. ఈ 24 గంటలను ఉదయం 8:30 నుంచి మరునాటి ఉదయం 8:30 వరకు లెక్కిస్తారు కాబట్టి, నిన్న సాయంత్రం పడిన వాన ఈ రోజు తేదీతో పత్రికలో కనిపించినా తికమకపడనక్కరలేదు.

ఫోన్‌లోని 60 శాతం సంగతి వేరు. రోజులో 60 శాతం సేపు కురుస్తుందనో, జిల్లాలో 60 శాతం తడుస్తుందనో దాని అర్థం కాదు. అటువంటి పరిస్థితి పదిసార్లు ఏర్పడితే ఆరుసార్లు అక్కడ వాన పడుతుందని, నాలుగుసార్లు పడదని మాత్రమే. మీ ఊరిలో పడకపోవడం ఆ నాలుగింటిలో ఒకటి కావచ్చు. పైగా ఆ లెక్కలు కిలోమీటర్ల కొద్దీ వెడల్పున్న గడులుగా భూమిని విభజించి కట్టేవి కనుక, చైత్ర వైశాఖాల్లో మధ్యాహ్నం ఎండకు కొండల మీద పుట్టి సాయంత్రానికి మన వైపు దిగే ఉరుముల మబ్బు ఏ ఊరిమీద విరుచుకుపడుతుందో అవి ముందురోజే చెప్పలేవు. మీ ధాన్యాన్ని తడిపినది ఆ కోవకు చెందినదే అయి ఉంటుందని నా అనుమానం. అటువంటి రోజుల్లో వారం రోజుల సూచన కంటే, వాతావరణ శాఖ రాబోయే మూడు గంటలకు ఇచ్చే హెచ్చరిక, విశాఖపట్నం రాడార్ చిత్రం ఎక్కువ ఉపయోగపడతాయి. వరుసగా రెండు మూడు చిత్రాలు చూస్తే మబ్బు ఎటు జరుగుతోందో చదువు లేనివారికి కూడా అర్థమవుతుంది.

తుఫాను విషయంలో మనవారు చేసే పొరపాటు మరొకటి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఒడిశాలోని గోపాల్‌పూర్, మన జిల్లాలోని కళింగపట్నం మధ్య తీరం దాటుతుందని ముందుగానే చెప్పారు. ఆ రెండింటి మధ్య దూరం 100 కిలోమీటర్లకు పైనే. మన జిల్లా ఉత్తర భాగాన తోటలకు పేరుపడ్డ ఉద్దానమంతా అందులోనే ఉంది. అయినా ఆ రెండు పేర్లూ తమ ఊరివి కావు కనుక, మా బంధువులు సహా చాలామంది అది తమకు సంబంధించినది కాదనుకున్నారు. 11వ తేదీ తెల్లవారుజామున అది పలాస సమీపంలోనే తీరం దాటింది. ఏళ్ల తరబడి పెంచిన కొబ్బరి, జీడి తోటలు ఆ ఒక్కపూటలో నేలకూలాయి.

నదీతీర గ్రామాలవారు మన జిల్లా సూచన ఒక్కటే చూసి ఊరుకోకూడదు. వంశధార ఒడిశాలో పుట్టి గుణుపురం మీదుగా వస్తుంది కనుక, మన ఊరిలో ఎండ కాస్తున్నా అక్కడి వాన గొట్టా బ్యారేజీ దాటి మన పొలాల్లోకి రాగలదు. నాగావళి కూడా అంతే.

ఇప్పుడు నేను చేసే పని చెబుతాను. రెండెకరాల పనలను కుప్ప వేసి కప్పించడానికి నాకు రూ. 3,000 కూలి అవుతుందనుకుందాం, తడిస్తే రూ. 20,000 పోతుందనుకుందాం. అప్పుడు వాన పడే అవకాశం 15 శాతం దాటితేనే కుప్ప వేయించడం లాభం. అందుచేత కోతల కాలంలో ‘ఒకటి రెండు చోట్ల’ అన్నా నేను కూలీలను పిలుస్తాను. అదే ఆరుద్ర కార్తెలో ఎదలు చల్లేటప్పుడైతే, అంటే నారు పోయకుండా వరి విత్తనాన్ని నేరుగా పొలంలో చల్లేటప్పుడైతే, ‘కొన్ని చోట్ల’ అన్నా తొందరపడను, ఎందుకంటే అక్కడ నష్టం వాన పడకపోవడంలో ఉంది. కిందటి కోతలకు కుప్ప వేయించిన రాత్రి మా పొలంలో చుక్క పడలేదు. రూ. 3,000 దండగయ్యాయని మా నాన్నగారు సంక్రాంతి దాకా దెప్పుతూనే ఉన్నారు. ఈసారి కూడా పిలుస్తాను.