టెక్ సందేహాలు: విండోస్ పక్కన ఉబుంటు పెట్టేముందు

ప్రశ్న: బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 హోమ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్ ఉన్నాయి. ల్యాబ్‌లో అన్నీ ఉబుంటు లైనక్స్‌లోనే చేయిస్తున్నారు. విండోస్ పోకుండా ఉబుంటు ఎలా పెట్టుకోవాలి? పెన్‌డ్రైవ్‌తో ప్రయత్నిస్తే ఇన్‌స్టాలర్‌కి అసలు డిస్కే కనిపించడం లేదు. (మధురవాడ)

జవాబు: ల్యాబ్ అంటే సీ ప్రోగ్రాములు, పైథాన్, షెల్ స్క్రిప్టుల వరకే అయితే మీకు డ్యూయల్ బూట్ (ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు సిస్టమ్‌లు పెట్టుకోవడం) అక్కర్లేదు. విండోస్ టెర్మినల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డబ్ల్యూ, ఎస్, ఎల్ అనే మూడక్షరాలు, ఒక ఖాళీ, రెండు హైఫన్లు, వాటికి ఆనుకుని ఇన్‌స్టాల్ అని కొట్టండి. రీస్టార్ట్ చేశాక విండోస్ లోపలే ఉబుంటు టెర్మినల్ వచ్చేస్తుంది. కెర్నెల్ (సిస్టమ్ మూలభాగం) మాడ్యూళ్లు రాయాలన్నా, రోజంతా ఉబుంటు డెస్క్‌టాప్ మీదే పనిచేయాలన్నా అప్పుడు డ్యూయల్ బూట్‌కి దిగండి.

దిగితే మాత్రం జాగ్రత్తంతా విండోస్ వైపే. ఉబుంటు ఎక్కించడం అరగంట పని. దానికి ముందు చేయాల్సినవి చేయకపోవడం వల్లే ఫైళ్లు పోతాయి.

మొదటిది ఎన్‌క్రిప్షన్. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన చాలా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌లోని డేటాకి తాళం వేసే ఎన్‌క్రిప్షన్ మీకు చెప్పకుండానే ఆన్ అయి ఉంటుంది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) కొన్ని మార్పులు చేస్తే 48 అంకెల రికవరీ కీ అడిగి కూర్చుంటుంది. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఫోన్‌లో ఆ ఖాతా తెరిచి, కీ కనిపిస్తోందో లేదో చూసి, కాగితం మీద రాసుకోండి. షాపువాళ్లు వాళ్ల ఈమెయిల్‌తో సెటప్ చేసి ఇచ్చి ఉంటే కీ కూడా వాళ్ల ఖాతాలోనే ఉంటుంది! ఆ సంగతి ముందే తేల్చుకోండి. తర్వాత సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, డివైస్ ఎన్‌క్రిప్షన్‌లోకి వెళ్లి ఆఫ్ చేయండి. డీక్రిప్షన్ పూర్తయ్యేదాకా ఛార్జర్ తీయొద్దు.

రెండోది ఫాస్ట్ స్టార్టప్. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో ఉన్న డ్రైవ్‌ని ఉబుంటు చదవనిస్తుంది గానీ రాయనివ్వదు. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో పవర్ బటన్ల సెట్టింగ్ తెరిచి, టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్ ముందున్న టిక్కు తీసేయండి.

మీకు డిస్క్ కనిపించకపోవడానికి కారణం చాలామటుకు ఇంటెల్ ఆర్ఎస్‌టీ, అంటే డిస్కులని నడిపే ఇంటెల్ సొంత పద్ధతి. బయోస్‌లో దీన్నే వీఎండీ అని కూడా చూపిస్తారు. దాన్ని మామూలు పద్ధతి అయిన ఏహెచ్‌సీఐకి మార్చాలి. నేరుగా మార్చారో, విండోస్ నీలి తెర చూపించి బూట్ కావడం మానేస్తుంది, ఎందుకంటే దానికి ఏహెచ్‌సీఐ డ్రైవర్ అప్పటికి సిద్ధంగా ఉండదు. అందుకని ముందు రన్ బాక్సులో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్‌కి టిక్కు పెట్టి రీస్టార్ట్ చేయండి. ఆ రీస్టార్ట్‌లోనే బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐ పెట్టి సేవ్ చేయండి. విండోస్ సేఫ్ మోడ్‌లో లేస్తూ కొత్త డ్రైవర్ ఎక్కించుకుంటుంది. మళ్లీ ఎంఎస్‌కాన్ఫిగ్‌కి వెళ్లి ఆ టిక్కు తీసి, మామూలుగా రీస్టార్ట్ చేయండి. సేఫ్ మోడ్‌లో మీ పిన్ పనిచేయకపోవచ్చు, ఖాతా అసలు పాస్‌వర్డ్ దగ్గర పెట్టుకోండి.

ఇక చోటు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ష్రింక్ వాల్యూమ్ నొక్కి 81920 అని ఇవ్వండి. అది ఎంబీల్లో లెక్క, అంటే 80 జీబీ. ఉబుంటుకి 25 జీబీ ఉన్నా చాలంటారు గానీ నాలుగు సాఫ్ట్‌వేర్లు పడగానే ఇరుకైపోతుంది. డ్రైవ్ సగం ఖాళీగా ఉన్నా కొద్దిపాటి చోటే వదులుతానని అది మొండికేస్తే, మధ్యలో కదలని ఫైళ్లు ఉన్నట్టు. పేజ్ ఫైల్, సిస్టమ్ రిస్టోర్ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ చూడండి. వచ్చిన ఖాళీని అలాగే వదిలేయండి, అక్కడ కొత్త డ్రైవ్ తయారు చేయొద్దు.

ఉబుంటు 24.04 ఎల్‌టీఎస్ ఫైలు 6 జీబీ దాకా ఉంటుంది, కాబట్టి 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి. రూఫస్ అనే ప్రోగ్రామ్‌లో జీపీటీ (కొత్త తరహా పార్టిషన్ పట్టిక), యూఈఎఫ్ఐ (కొత్త తరహా బూట్ పద్ధతి) ఎంచుకుని ఆ ఫైలుని పెన్‌డ్రైవ్‌లోకి రాయండి. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నవన్నీ పోతాయి. బూట్ మెనూ కోసం హెచ్‌పీలో ఎఫ్9, డెల్, లెనోవోల్లో ఎఫ్12, ఆసుస్‌లో ఎస్కేప్. ఇన్‌స్టాలర్‌లో మాన్యువల్ పద్ధతికి వెళ్లి ఆ ఖాళీ చోటుని ఈఎక్స్‌టీ4గా, మౌంట్ పాయింట్ ఒట్టి స్లాష్ గుర్తుగా పెట్టండి. స్వాప్ పార్టిషన్ అక్కర్లేదు, స్వాప్ ఫైల్ అదే చేసుకుంటుంది. ఫ్యాట్32గా కనిపించే 100 లేదా 260 ఎంబీల చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌ని ఫార్మాట్ చేశారంటే విండోస్ బూట్ ఫైళ్లు ఎగిరిపోతాయి. ఎరేజ్ డిస్క్ అన్న ఎంపిక నొక్కితే డిస్క్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుందని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

సంతకం లేని ప్రోగ్రాములని బూట్ కానివ్వని సెక్యూర్ బూట్‌ని ఆపమని చాలామంది చెబుతారు. ఉబుంటుకి ఆ అవసరం లేదు, దాని షిమ్ (మొదట లేచే చిన్న ప్రోగ్రామ్) మీద మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది. ఎన్‌విడియా గ్రాఫిక్స్ ఉండి థర్డ్ పార్టీ డ్రైవర్లకి టిక్కు పెడితే మాత్రం ఇన్‌స్టాలర్ ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. మొదటి రీస్టార్ట్‌లో నీలి తెర మీద నాలుగైదు వరసల మెనూ వస్తుంది. కంగారుగా మొదటి వరస మీదే ఎంటర్ కొట్టేస్తే డ్రైవర్ పనిచేయదు. ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని, కంటిన్యూ, యస్ నొక్కి, ఆ పాస్‌వర్డే ఇవ్వాలి.

ప్రశ్న: ఉబుంటు వాడి విండోస్‌లోకి వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతోంది. బ్యాటరీ పోయిందా? (గాజువాక)

జవాబు: బ్యాటరీ కాదు. మదర్‌బోర్డు గడియారంలో ఉబుంటు అంతర్జాతీయ సమయం రాస్తుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. విండోస్‌ని దారికి తేవడమే మేలు. రెజిస్ట్రీ ఎడిటర్‌లో లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, టైమ్ జోన్ ఇన్ఫర్మేషన్ దాకా వెళ్లి, రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ అనే డీవర్డ్‌ని (రెజిస్ట్రీలో ఒక రకం విలువ) మాటల మధ్య ఖాళీ లేకుండా తయారు చేసి, విలువ 1 ఇచ్చి రీస్టార్ట్ చేయండి.

ప్రశ్న: ఉబుంటు వద్దనుకుని విండోస్‌లోంచి ఆ పార్టిషన్ డిలీట్ చేశాను. ఇప్పుడు ఆన్ చేస్తే నల్ల తెర మీద గ్రబ్ అని వచ్చి ఆగిపోతోంది. విండోస్ పోయినట్టేనా? (సీతమ్మధార)

జవాబు: పోలేదు. పార్టిషన్ తీసేశారు గానీ ఈఎఫ్ఐ పార్టిషన్‌లో ఉబుంటుని లేపే బూట్ లోడర్, గ్రబ్ ముక్క మిగిలిపోయింది. బూట్ మెనూ కీ నొక్కి విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకోండి, లేస్తుంది. తర్వాత బయోస్‌లో దాన్నే బూట్ వరసలో పైకి తెస్తే సరి. యూట్యూబ్ చూసి ఫిక్స్ ఎంబీఆర్ కమాండ్ కొట్టకండి, యూఈఎఫ్ఐ సిస్టమ్‌లో దానితో ఉపయోగం లేదు.

ప్రశ్న: మాది డీటీపీ సెంటర్. నాలుగో తరం ఐ3 డెస్క్‌టాప్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. అప్‌డేట్లు ఆగిపోయాయంటున్నారు. అను ఫాంట్ల కోసం విండోస్ తప్పదు. లైనక్స్ కూడా పెట్టొచ్చా? (డాబా గార్డెన్స్)

జవాబు: విండోస్ 10 మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్‌లో విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం నుంచే ఎక్కుతుంది. కాబట్టి మీ ఆలోచన సరైనదే, కానీ ఒకే డిస్కుని రెండు ముక్కలు చేయకండి. 240 జీబీ సాటా ఎస్ఎస్‌డీ కొని దాని మీద లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టండి. ఎక్కించేటప్పుడు పాత హార్డ్ డిస్క్ సాటా కేబుల్ ఊడదీయండి. అప్పుడు ఎవరి బూట్ లోడర్ వాళ్ల డిస్కులోనే ఉంటుంది, ఒకటి చెడినా రెండోది లేస్తుంది. పని అయ్యాక కేబుల్ పెట్టేసి, ఏది కావాలంటే అది బూట్ మెనూలో ఎంచుకోండి. పాత విండోస్ లెగసీ మోడ్‌లో (పాత తరహా బూట్ పద్ధతిలో) ఉండి, మింట్ యూఈఎఫ్ఐలో ఎక్కితే గ్రబ్ జాబితాలో విండోస్ కనిపించదు. అది తప్పేం కాదు, బూట్ మెనూ ఎలాగూ ఉంది.

మింట్ 4 జీబీతో నడుస్తుంది గానీ బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే ఆయాసపడుతుంది. ఇంకో 4 జీబీ డీడీఆర్3 వేయండి. సముద్రపు గాలికి ర్యామ్ కాంటాక్టులు నల్లబడతాయి, కొత్తది పెట్టేటప్పుడు పాతదాన్ని కూడా తీసి మెత్తటి రబ్బరుతో తుడవండి. విండోస్ వైపు నెట్ కేబుల్ ఇవ్వకుండా పేజీలు కట్టడానికే వాడి, మెయిల్, బ్యాంకు పనులు మింట్‌లో చేసుకోండి. అను ఫైళ్లు మింట్‌లో తెరిస్తే తెలుగు కాకుండా పిచ్చి అక్షరాలు వస్తాయి, అది అన్ని సిస్టమ్‌లూ చదవగల యూనికోడ్ కాదు. పేజీని విండోస్‌లోనే పీడీఎఫ్ చేసి ఇటు తెచ్చుకోండి. యూపీఎస్ లేకపోతే తుఫాను హెచ్చరిక ఉన్న రోజున మాత్రం ఈ పని పెట్టుకోకండి. పార్టిషన్ రాస్తుండగా కరెంటు పోతే మొదటి నుంచి మొదలుపెట్టాలి.