బరంపురం నుంచి ఒక్కరోజులో భువనేశ్వర్: ముందు ఉదయగిరి, చివర ధౌళి

అడిగిన సంగతి ఇదీ: బరంపురంలో తెల్లవారుజామున బయలుదేరి, అరవై దాటిన అమ్మానాన్నలతో భువనేశ్వర్ పాత గుళ్లూ గుహలూ చూసుకుని రాత్రికి ఇల్లు చేరాలి. ముందు అక్కడి పెద్ద శివాలయం లింగరాజు దర్శనం చేసుకుని తర్వాత మిగతావి చూడొచ్చా?

వద్దండి. లింగరాజుని ముందు పెట్టుకుంటే రోజంతా చెడుతుంది. వరుస ఎంతసేపు పడుతుందో మన చేతిలో ఉండదు. బయటికొచ్చేసరికి ఎండ నడినెత్తికి ఎక్కుతుంది, అప్పుడు కొండరాళ్ల మీద నడవాలి. ఎక్కాల్సింది పొద్దున్నే ఎక్కేయాలి.

బస్సులోనో కారులోనో వెళ్తే ఇది మరీ సులువు. ఖుర్దా మీదుగా వచ్చే హైవే ఊళ్లోకి అడుగుపెట్టేదే ఖండగిరి కూడలి దగ్గర. బరముండా బస్టాండు దాకా టికెట్టు ఉన్నా సరే, ఇక్కడే దిగిపోండి. దాదాపు 170 కిలోమీటర్లు, ఐదింటికి కదిలితే ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య చేరతారు. రైలైతే స్టేషన్ నుంచి ఏడెనిమిది కిలోమీటర్లు వెనక్కి రావాలి.

రోడ్డుకి ఒకవైపు ఉదయగిరి, రెండోవైపు ఖండగిరి, రెండూ గుహలున్న కొండలే. టికెట్టు ఉదయగిరికే, పదిహేనేళ్ల లోపు పిల్లలకి అక్కర్లేదు. రెండూ ఎక్కాలని పట్టుపట్టకండి, ఉదయగిరి ఒక్కటి చాలు. పెద్దవాళ్లకి రెండంతస్తుల రాణీగుంఫా (గుంఫా అంటే గుహ) చూపించండి, అది కింద భాగంలోనే ఉంది. ఓపిక ఉన్నవాళ్లు పైన హాథీగుంఫాకి వెళ్లొచ్చు. కళింగ రాజు ఖారవేలుడి 17 పంక్తుల శాసనం గుహ పైకప్పు అంచున, తలెత్తి చూడాల్సిన చోట ఉంది. శాతవాహన రాజు శాతకర్ణిని లెక్కచేయకుండా రెండో ఏట పడమటికి సైన్యం పంపానని చెప్పుకున్నది అందులోనే. శాతవాహనుల్ని బడిలో చదువుకున్న మనకి అక్కడ కాసేపు నిలబడాలనిపిస్తుంది. చేతిలో పాలిథిన్ సంచి, వేరుశెనగ పొట్లం కనిపించాయా, కోతులు లాక్కుపోతాయి. అన్నీ జిప్పు ఉన్న బ్యాగులో పెట్టుకోండి.

పదిన్నరకల్లా దిగి పాత ఊరికి ఆటో మాట్లాడుకోండి. బేరం ఒక్కో చోటికి కాదు, అశోకుడి శాసనం ఉన్న ధౌళి కొండ, ఆగే సమయం, తిరిగి స్టేషన్, అన్నీ కలిపి ముందే ఒకే మాట అనుకోవాలి. ధౌళికి యాప్‌లో బండి దొరుకుతుంది గానీ అక్కణ్ణుంచి తిరిగి రావడానికి దొరకడం కష్టం. చాలామంది ఇరుక్కునేది అక్కడే.

పాత ఊళ్లో గుళ్లని వయసు వరుసలో చూస్తే కట్టడం ఎలా ఎదిగిందో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ముందు పరశురామేశ్వరం, 7వ శతాబ్దం. గర్భగుడి ముందు మండపాన్ని ఒడియాలో జగమోహన అంటారు. ఇక్కడ అది ఇంకా బల్లపరుపు కప్పుతో పెట్టెలా ఉంటుంది. జాలీ కిటికీల్లో ఆడేవాళ్ల, వాయించేవాళ్ల బొమ్మలు చెక్కి ఉన్నాయి, వాటిని దాటిపోకండి. అక్కణ్ణుంచి నడిచే దూరంలో ముక్తేశ్వరం, 10వ శతాబ్దం. ఎత్తు 35 అడుగులే, కానీ ముందున్న తోరణం కోసమైనా అరగంట పడుతుంది. ఇక్కడికి మండపం కప్పు మెట్లుమెట్లుగా పిరమిడ్‌లా మారింది. ఒక చిన్న లెక్క పెట్టండి: పరశురామేశ్వరం ద్వారం మీద గ్రహాలు ఎనిమిదే, కేతువు లేడు. ముక్తేశ్వరంలో తొమ్మిదీ ఉన్నాయి. తర్వాత రాజారాణి, 11వ శతాబ్దం. రాజూ రాణీ ఎవరూ లేరు, ఆ ఎర్రపసుపు రాయి పేరే గుడికి వచ్చింది. గర్భగుడిలో దేవుడు లేడు, పూజ లేదు, టికెట్టు ఉంది. శ్రీముఖలింగం చూసినవాళ్లకి ఈ శైలంతా చుట్టాల ఇంటికి వచ్చినట్టే ఉంటుంది.

భోజనం హోటల్లో వద్దు. బిందుసాగరం గట్టున అనంత వాసుదేవ ఆలయం ఉంది, 1278లో గంగవంశపు చంద్రికాదేవి కట్టించింది. మట్టికుండల్లో వండిన ప్రసాదం ఆవరణలోనే అమ్ముతారు. అన్నం, దాల్మా (కూరగాయలు వేసిన పప్పు), ఖటా (పుల్లటి పచ్చడి), ఖీరి (పాయసం) ఉంటాయి, ఉల్లీ వెల్లుల్లీ ఉండవు. ఆకేసి నేలమీద కూర్చోవాలి, మోకాళ్ల నొప్పులుంటే కుండ కొనుక్కుని మెట్ల మీద కూర్చోండి. పన్నెండున్నర, ఒంటిగంట మధ్య వెళ్లండి, ఆలస్యమైతే మంచి వంటకాలు అయిపోతాయి.

మధ్యాహ్నం భోగం వేళ లింగరాజు దర్శనం ఆపుతారు. ఆ సమయం ఈ భోజనంలో గడిచిపోతుంది. తెరవగానే లోపలికి వెళ్లండి. ఫోను, తోలు బెల్టు, తోలు పర్సు లోపలికి పోనివ్వరు, అన్నీ ఒకే సంచిలో వేసి ఆటోలోనో బయటి లాకర్లోనో పెట్టి, చిల్లర మాత్రం ఉంచుకోండి. పండా (పూజారి) పళ్లెం చూపించినప్పుడు ఇచ్చేది ఎంతో ఒడియాలో ముందే చెప్పేస్తే గొడవ ఉండదు. మన బరంపురం యాస విని నవ్వుతారు, అంతే. ఎండాకాలంలో ఆవరణ రాయి కాళ్లు కాలుస్తుంది, నీడ పట్టుకుని నడవండి. హిందువులు కానివాళ్లు మీతో ఉంటే వాళ్లకి లోపలికి ప్రవేశం లేదు, ప్రహరీ బయటి వేదిక మీంచి చూడాలి.

నాలుగున్నరకల్లా ధౌళి చేరాలి, చలికాలంలో ఐదుంపావుకే పొద్దు కుంకుతుంది. బండ్లన్నీ నేరుగా పైన 1972 నాటి తెల్ల శాంతిస్తూపానికి పోతాయి. అసలు అశోకుడి శాసనం కొండ కిందే ఉంది, ఆటోని అక్కడ ఆపించండి. రాతిలోంచి బయటికొస్తున్న ఏనుగు ముందుభాగం దాని పైనే. అశోకుడి పద్నాలుగు శిలాశాసనాల్లో కళింగ యుద్ధం గురించి చెప్పే 13వ శాసనం ఇక్కడ లేదు. 11, 12 కూడా లేవు. వాటి బదులు కళింగవాసుల కోసం విడిగా రెండు ఉన్నాయి. ఇదే ఏర్పాటు మన గంజాం జిల్లా జౌగడలోనూ ఉంది, పురుషోత్తంపూర్ దగ్గర. దానికైతే ఆదివారం పూట వెళ్లి వచ్చేయొచ్చు.

రాష్ట్ర మ్యూజియాన్ని ఈ రోజులో ఇరికించకండి, సోమవారం ఎలాగూ సెలవే. రాత్రి రైలుకి రిజర్వేషన్ ముందే చేసుకోండి, పెద్దవాళ్లని జనరల్ బోగీలో నిలబెట్టి రెండున్నర గంటలు తీసుకురావడం కష్టం.