టెక్ సందేహాలు: నల్ల తివాచీని చూసి జడిసే రోబో, చిటికెడు పొడిని లెక్కచేయని కాటా

ఈసారి ఉత్తరాలన్నీ వంటింటి నుంచో అటక మీద నుంచో వచ్చినట్టున్నాయి. రాసినవారిలో ఎక్కువమంది ఒక్కరో ఇద్దరో ఉండే ఇళ్లవాళ్లు. యంత్రం పాడైందనే అందరి ఫిర్యాదు. చదివి చూస్తే ఏ యంత్రమూ పాడైనట్టు లేదు. మనం దానికి చూపిస్తున్నామనుకునేది ఒకటి, దానికి కనిపిస్తున్నది మరొకటి. అంతే తేడా.

*ఇంట్లో మేమిద్దరమే. వంటకాల యాప్‌లో ‘ఎనిమిది మందికి’ అని ఉన్న కేకును ‘నలుగురికి’ అని మార్చి చేశాను. కొలతలన్నీ యాపే సగం చేసి ఇచ్చింది. అయినా కేకు అట్టలా పలచగా, అంచులు మాడి వచ్చింది. పైగా బేకింగ్ పౌడర్ తూచబోతే డిజిటల్ కాటా సున్నా దగ్గరే నిలబడిపోయింది. యాప్ మార్చాలా, కాటా మార్చాలా?*

రెండూ మార్చనక్కరలేదు. మార్చవలసింది టిన్ను.

యాప్‌కు తెలిసిన విద్య భాగహారం ఒక్కటే. పిండి, చక్కెర, వెన్న సగం చేసి ఇచ్చింది. మీరు ఆ సగం పిండిని ఎప్పటి పాత్రలోనే పోశారని నా అనుమానం. అంత వెడల్పులో పరుచుకున్న పిండి సగం మందమే ఉంటుంది. వేడి నడిమికి చప్పున చేరి, యాప్ చెప్పిన సమయం వచ్చేసరికి అంచులు మాడుతాయి. మందం మారకూడదంటే టిన్ను అడుగు వైశాల్యం సగం కావాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. 24 సెంటీమీటర్ల టిన్నుకు సగం 12 సెంటీమీటర్లు కదా అనుకుంటారు. వైశాల్యం పెరిగేది, తరిగేది వ్యాసం వర్గాన్ని బట్టి కాబట్టి 12 సెంటీమీటర్ల టిన్నులో పట్టేది సగం కాదు, పావు వంతు. సగం కావాలంటే 24ను 1.41తో భాగించాలి. అంటే 17 సెంటీమీటర్లు. చదరపు టిన్నుకూ ఇదే లెక్క. మందం అదే అయినప్పుడు కాలే సమయమూ దాదాపు అదే, సగం మాత్రం కాదు. పది నిమిషాల ముందు నుంచే పుల్ల గుచ్చి చూస్తూ ఉండండి.

పొయ్యి మీద వండేవాటిలో తిరకాసు ఇంకో రకం. నీరు ఎంత ఆవిరవుతుందనేది గిన్నె మూతి వెడల్పును బట్టి, పొయ్యి మీద ఉన్న సమయాన్ని బట్టి ఉంటుంది. బియ్యం సగం చేశామని ఆవిరి సగానికి తగ్గదు. ఒక్కరికి వండినప్పుడు అన్నం పలుకుగా ఉండిపోవడానికీ అడుగంటడానికీ కారణం ఇదే. బియ్యం సగం చేయండి, నీళ్లు సగం కన్నా కాస్త ఎక్కువే పోయండి, వీలైతే గిన్నె కూడా చిన్నది పెట్టండి. ఈ సంగతి చెప్పే యాప్ నాకు ఇంతవరకు తారసపడలేదు.

యాప్ ‘ఒకటిన్నర గుడ్లు’ అని చూపిస్తే నవ్వి వదిలేయకండి. అది చేయగలిగిన పనే. పెంకు తీసిన పెద్ద గుడ్డు సుమారు 50 గ్రాములు ఉంటుంది. ఒక గుడ్డు మొత్తంగా వేసి, రెండోదాన్ని గిలక్కొట్టి 25 గ్రాములు తూచి వేయండి. కప్పుల కొలతలు మాత్రం వీలైనంత వరకు మానేయండి. అమెరికా వంటకాల కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు, మెట్రిక్ కప్పు 250. అదొక తేడా. అదే కప్పులో మైదా వదులుగా పోస్తే 120 గ్రాములు, అదిమి నింపితే 150 దాకా పోతుంది. అది ఇంకా పెద్ద తేడా. ఎనిమిది మందికి వండే పెద్ద గిన్నెలో ఇలాంటి పొరపాటు కలిసిపోవచ్చు. ఇద్దరి వంటలో దాగదు.

ఇక కాటా. దాని లోపల ఒక చిన్న లోహపు కడ్డీ ఉంటుంది. బరువు పడితే అది వెంట్రుకవాసి వంగుతుంది, ఆ వంపుకు మారే విద్యుత్ నిరోధాన్ని కాటా గ్రాములుగా చెబుతుంది. గది వేడి మారినా ఆ నిరోధం కాస్త అటూ ఇటూ అవుతుంది. దానికి అంకెలు ఊరికే ఊగిసలాడకుండా చాలా కాటాల్లో ఒక ఏర్పాటు చేస్తారు. సున్నా దగ్గర చిన్న చిన్న మార్పులు మెల్లగా వస్తుంటే కాటా వాటిని బరువుగా లెక్కించదు, మళ్లీ సున్నా చేసుకుంటుంది. మీరు చెంచా అంచున తడుతూ పొడి రాలుస్తుంటే, దాని దృష్టిలో అది గది వేడి మారడమే. అందుకని గిన్నె పెట్టాక అంకెను సున్నా చేసే ‘టేర్’ మీట నొక్కకండి. గిన్నె బరువు 212 అని చూపిస్తే 216 వచ్చేదాకా వేయండి, 4 గ్రాములు వేసినట్టు. లేదా పొడి డబ్బానే కాటా మీద పెట్టి చెంచాతో తీయండి, ఎంత తగ్గిందో అంత తీసినట్టు. నన్నడిగితే 5 గ్రాముల లోపు వాటికి, 1 గ్రాము మేరకే చూపించే కాటా కన్నా 5 మిల్లీలీటర్ల కొలత చెంచానే నయం.

*ఇండక్షన్ పొయ్యి మీద పెద్ద గిన్నె పెడితే పనిచేస్తుంది. ఒక్కరి కోసం చిన్న గిన్నె పెడితే ‘గిన్నె లేదు’ అంటుంది. చిన్న గిన్నె కూడా స్టీలుదే.*

స్టీలు అన్న మాట సరిపోదు, అయస్కాంతం అంటుకునే స్టీలు కావాలి. ఫ్రిజ్ మీద బొమ్మను ఊడదీసి గిన్నె అడుగున పెట్టి చూడండి. జారి పడిపోతే ఆ గిన్నెకూ ఆ పొయ్యికీ పొత్తు కుదరదు. గట్టిగా అంటుకుంటే సమస్య కొలతలో ఉంది. కింద ఉన్న తీగచుట్ట తన పైన తగినంత లోహం ఉంటేనే రాజుకుంటుంది. చాలా పొయ్యిలకు సుమారు 12 సెంటీమీటర్ల అడుగైనా ఉండాలి. గిన్నె మూతిని కాదు, అడుగున చదునుగా ఉన్న భాగాన్ని కొలవండి. సన్నని సెగ పెట్టినప్పుడు పాలు ఒకసారి పొంగబోయి, ఒకసారి చల్లబడే గొడవ గురించి మరో ఇద్దరు రాశారు. అదీ జబ్బు కాదు. తక్కువ సెగను చాలా పొయ్యిలు పూర్తి వేడిని కాసేపు ఇచ్చి, కాసేపు ఆపి సాధిస్తాయి. మందపాటి అడుగున్న గిన్నె ఆ కుదుపులను తనలో ఇముడ్చుకుంటుంది.

*మా రోబో వాక్యూమ్ హాలంతా ఊడ్చి, కొత్తగా వేసిన నల్ల తివాచీ అంచు దాకా వచ్చి వెనక్కి తిరుగుతుంది. సెన్సర్ పోయింది, మార్చాలి అన్నారు. నిజమేనా?*

సెన్సర్ పోలేదు, అతిజాగ్రత్తగా పనిచేస్తోంది. మెట్ల మీద నుంచి పడిపోకుండా రోబో పొట్ట కింద పరారుణ కాంతిని నేల మీదికి విసిరే చిన్న కళ్లు ఉంటాయి. కాంతి తిరిగి వస్తే నేల ఉన్నట్టు, రాకపోతే గొయ్యి ఉన్నట్టు. నల్లని ఊలు ఆ కాంతిని మింగేస్తుంది. మీకది తివాచీ, దానికది పాతాళం. తివాచీ మీద తెల్లని తువాలు పరిచి రోబోను వదలండి. తువాలు ఎక్కితే సెన్సర్ బాగున్నట్టే, డబ్బు ఖర్చు పెట్టకండి. కొన్ని రోబోల యాప్‌లలో ఈ గొయ్యి భయాన్ని ఆపే వీలుంటుంది. సెన్సర్ల మీద తెల్ల కాగితం అంటించే చిట్కా కూడా పనిచేస్తుంది. అయితే ఇంట్లో ఒక్క మెట్టు ఉన్నా ఆ పని చేయవద్దు. కళ్లకు గంతలు కట్టి మేడ మీద వదిలినట్టే.

అలంకరణ మాట వచ్చింది కనుక ఇంకొకటి. నేల దాకా నిలువుటద్దం పెడితే చిన్న గది విశాలంగా కనిపిస్తుందంటారు. లేజర్‌తో ఇంటి పటం గీసుకునే రోబోకూ అలాగే కనిపిస్తుంది. అద్దం వెనుక లేని గదిని పటంలో చేర్చుకుని, దాన్ని ఊడ్వడానికి అద్దాన్ని గుద్దుతూ ఉంటుంది. అద్దం కింది భాగాన, రోబో తలమీది బుడిపె ఎత్తులో, కాంతి దూరని పట్టీ ఒకటి అంటిస్తే ఆ గది మాయమవుతుంది.

*అటక మీద 14 డబ్బాలున్నాయి. ఏ డబ్బాలో ఏముందో తెలిసేలా ఒక ఉచిత వెబ్‌సైట్‌లో క్యూఆర్ కోడ్‌లు చేసి అంటించాను. ఇప్పుడు స్కాన్ చేస్తే ‘గడువు ముగిసింది, చందా కట్టండి’ అంటోంది. క్యూఆర్‌కు గడువు ఉంటుందా?*

ఉండదు. ఆ గళ్ల బొమ్మను 1994లో జపాన్‌లోని డెన్సో వేవ్ సంస్థలో మసాహిరో హరా బృందం వాహనాల విడిభాగాల లెక్క కోసం తయారుచేసింది. పేటెంట్ తమదే అయినా దాన్ని ఎవరి మీదా ప్రయోగించబోమని ఆ సంస్థ ప్రకటించింది. అందుకే అది ఇంతగా వ్యాపించింది. సమాచారం ఆ నలుపు తెలుపు గళ్లలోనే ఉంటుంది, కాగితం ఉన్నన్నాళ్లు అదీ ఉంటుంది. కానీ మీ గళ్లలో ఉన్నది డబ్బాలోని సామాను పేర్లు కాదు, ఆ వెబ్‌సైట్‌వారి చిరునామా. మీ జాబితా వాళ్లింట్లో ఉంది, తాళం వాళ్ల చేతిలో ఉంది. ‘డైనమిక్’ క్యూఆర్ అంటే ఇదే. నేరుగా అక్షరాలనే గళ్లుగా మార్చే ‘స్టాటిక్’ రకాన్ని ఎంచుకుంటే ఎవరికీ చందా కట్టనక్కరలేదు.

అందులో తెలుగువారికి మాత్రం ఒక చిక్కుంది. కంప్యూటర్ లెక్కలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు కావాలి. ‘క్షీ’ అని రాస్తే మనకు ఒక్క అక్షరం. లోపల కకారం, పొల్లు, షకారం, గుడి దీర్ఘం కలిసి నాలుగు గుర్తులు, అంటే 12 బైట్లు. అతి పెద్ద క్యూఆర్‌లో పట్టేది 2,953 బైట్లు. సామాను జాబితా అంతా తెలుగులో ఎక్కిస్తే గళ్లు ఆవాల్లా చిన్నవైపోయి, అటక చీకట్లో ఏ ఫోనూ వాటిని చదవలేదు.

ఇంతకీ నేనైతే ఏమి చేస్తానంటే, డబ్బా మీద లావు పెన్నుతో ‘7’ అని రాస్తాను, ఎదురుగా ఒకటి, పక్కన ఒకటి. మూత పెట్టే ముందు లోపలి సామాను, ఆ అంకె రెండూ కనిపించేలా ఫొటో తీసి, ఫోనులో ‘అటక’ అనే ఆల్బమ్‌లో వేస్తాను. ఆ ఆల్బమ్‌ను ఇంట్లోని రెండో మనిషితో పంచుకుంటాను. డబ్బాలో సామాను మారితే కొత్త ఫొటో, పాతది తీసివేత. టెక్ శీర్షికలో పెన్ను కొనమంటున్నాడేమిటని మీరు అనుకోవచ్చు. 14 డబ్బాలకు ఇంతకు మించి అవసరమని నాకు తోచడం లేదు. 140 ఉంటే మళ్లీ రాయండి.

*ఫోను యాప్‌లో గోడకు లేత బూడిద రంగు వేసి చూసుకుని, నచ్చి అదే వేయించాం. పగలు బాగానే ఉంది, రాత్రి ఆసుపత్రి గోడలా నీలంగా ఉంది. సోఫా కూడా యాప్‌లోనే చూసి కొందామనుకుంటున్నాం, నమ్మవచ్చా?*

గోడకు మళ్లీ రంగు వేయించే ముందు బల్బు మార్చి చూడండి. బల్బు పెట్టె మీద కెల్విన్ అంకె ఉంటుంది. 6500 అని ఉంటే నీలిఛాయ తెలుపు, 2700 అని ఉంటే వెచ్చని పసుపు ఛాయ, 4000 మధ్యస్థం. బూడిద రంగుకు సొంత అభిప్రాయం ఉండదు, ఎటు వెలుగు పడితే అటు వాలుతుంది. పక్కనే సీఆర్‌ఐ అనే అంకె కూడా చూడండి. 90 పైన ఉంటే బట్టలు, పండ్లు, మనుషుల మొహాలు అసలు రంగులో కనిపిస్తాయి. యాప్‌ది మరో ఇబ్బంది. ఫోను కెమెరా ప్రతి వెలుగులోనూ తెలుపును తెల్లగా చూపించాలని రంగులు తనకు తానే సరిచేస్తుంది. రాత్రి గోడ నీలంగా కనిపించే అవకాశాన్ని అది ముందే తుడిచేసింది. ఈసారి ఒక పెద్ద అట్టకు రంగు పూసి, ఒక పగలూ ఒక రాత్రీ గోడకు ఆనించి చూడండి.

సోఫాకు యాప్ పనికొస్తుంది, ఎలా అమరుతుందో చూడటానికి మాత్రమే. కొలతకు టేపే పెట్టండి. ఫోను కెమెరా కొలతలో కొన్ని సెంటీమీటర్లు తేడా రావడం మామూలే. కొలవవలసింది సోఫా ఉండే గోడ ఒక్కటే కాదు, అది లోపలికి రావలసిన తలుపు, వరండా మలుపు కూడా.

*మైక్రోవేవ్ పెట్టినప్పుడల్లా వంటింట్లో వీడియో ఆగిపోతుంది.*

మైక్రోవేవ్, మీ ఫోను వాడే వైఫై రెండూ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల చుట్టుపక్కలే మాట్లాడుతాయి, మైక్రోవేవ్ గొంతు పెద్దది. ఫోనును రౌటర్‌లోని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చండి. మైక్రోవేవ్ తలుపు సరిగ్గా పడుతున్నంత వరకు భయపడవలసినది కాదు.

*ఒక్కడినే ఉంటాను. కూరగాయలు కుళ్లిపోయాకే గుర్తొస్తాయి. లోపల కెమెరా ఉన్న స్మార్ట్ ఫ్రిజ్ కొంటే మేలా?*

కెమెరాకు కనిపించేది ముందు వరుస. మీకు గుర్తురానివి వెనుక వరుసలో, మూతలున్న డబ్బాల్లో ఉంటాయి. పైగా ఫ్రిజ్ పదేళ్లు పైగా నడుస్తుంది, దాని లోపలి సాఫ్ట్‌వేర్‌కు అన్నేళ్లు మరమ్మతులు వస్తాయన్న హామీ అరుదు. బజారుకు వెళ్లేముందు తలుపు తెరిచి ఫోనుతో ఒక ఫొటో తీసుకుంటే ఆ కెమెరా చేసే పని అయిపోయినట్టే. పారదర్శకమైన డబ్బాలు వాడి, మూత మీద వండిన తేదీ రాసిన పట్టీ అంటించండి.

ఏ కెమెరాకూ కనిపించనిది ఒకటుంది. వండిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావకుండా ఉండగలవు. అన్నం గది వేడిలో ఉండిపోతే మొలకెత్తి విషం చేస్తాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. రెండు మూడు పూటలకు ఒకేసారి వండుకునేవారు రెండు గంటల లోపే దాన్ని వెడల్పు గిన్నెలో చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఆ ఫ్రిజ్ 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉండాలి. తలుపు మీద మెరిసే అంకెను నమ్మకండి. ఒక గ్లాసు నీళ్లలో థర్మామీటర్ ఉంచి, నడి అరలో రాత్రంతా వదిలి, పొద్దున్నే చూడండి. తలుపు అరలో మాత్రం పెట్టకండి, ఫ్రిజ్‌లో అన్నిటికన్నా వెచ్చని చోటు అదే. పాలు పెట్టుకునేదీ చాలామంది అక్కడే.