నోటి మాట మీద ఇంటి నుంచి పని: తిరిగి రమ్మన్న మెమోకు ఏం జవాబివ్వాలి?

సందేహం: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. నేను భువనేశ్వర్‌లోని ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గ్రూప్ సి ఉద్యోగినిని. 2020లో కరోనా సమయంలో ఇంటి నుంచి పని చేయమన్నారు. తరవాత అందరినీ పిలిచినా, మా బాబును చూసుకునేవారు లేరని చెప్పుకుంటే అప్పటి అధికారి నోటి మాటగా ఒప్పుకున్నారు. బాబుకు తొమ్మిదేళ్లు, సెరిబ్రల్ పాల్సీ, 60 శాతం వైకల్యం ఉన్నట్లు శ్రీకాకుళంలో ధ్రువపత్రం ఇచ్చారు. నెలకు రెండు మూడు రోజులు కార్యాలయానికి వెళ్లి, మిగతా పని ఇంటి నుంచే చేస్తున్నాను. జీతం ఎప్పుడూ ఆగలేదు. ఇప్పుడు కొత్తగా వచ్చిన అధికారి ఏడు రోజుల్లో చేరాలని, ఇన్నాళ్ల అనధికార గైర్హాజరుకు, అనుమతి లేకుండా ఆంధ్రాలో ఉన్నందుకు సంజాయిషీ ఇవ్వాలని, తీసుకున్న ఇంటి అద్దె భత్యం తిరిగి కట్టాలని మెమో ఇచ్చారు. మావారు ఇక్కడే రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులు. మా శాఖకు బరంపురంలో ఉపకార్యాలయం ఉంది. శిశు సంరక్షణ సెలవు ఇప్పటికి 210 రోజులు వాడాను. బాబుకు ఇచ్చిన ఆంధ్రా ధ్రువపత్రం ఒడిశాలో చెల్లదని కూడా అంటున్నారు. కోర్టుకు వెళ్లి ఇంటి నుంచి పని కొనసాగించుకోవచ్చా? తీర్పు వచ్చేదాకా చేరకుండా ఉండవచ్చా? న్యాయవాది ఖర్చు తలచుకుంటే బెంగగా ఉంది.

సమాధానం: మీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే దానికి ఉన్న గడువు ఏడు రోజులే. చేరకుండా ఉండకూడదు. మెమోలోని గడువు ముగిసేలోగా భువనేశ్వర్ వెళ్లి, చేరినట్లు కాగితం ఇచ్చి, ఆ తరవాతే మీ కష్టమైనా, అభ్యంతరమైనా చెప్పుకోండి. బదిలీల విషయంలో సుప్రీంకోర్టు 1989లోనే గుజరాత్ విద్యుత్ బోర్డు కేసులో ఈ సంగతి తేల్చింది: వినతిపత్రం పెట్టుకున్నంత మాత్రాన ఉత్తర్వును పాటించకుండా ఉండే హక్కు ఉద్యోగికి రాదు. మిమ్మల్ని మరో ఊరికి కూడా పంపడం లేదు, మీ కుర్చీకే రమ్మంటున్నారు గనుక ఆ సూత్రం మీకు మరింత గట్టిగా వర్తిస్తుంది. ఇలాంటి వ్యవహారాల్లో మొదటి వారంలో చేసిన పొరపాటే చివరిదాకా వెంటాడుతుంది. వకీలు నోటీసు పంపించాం కదా అని ఇంట్లో కూర్చుంటారు, ఆ కూర్చున్న రోజులే తరవాత అసలు అభియోగంగా మారతాయి. అనుమతి లేని గైర్హాజరు కాలానికి, కేంద్ర ఉద్యోగుల సర్వీసు షరతులను నిర్ణయించే ప్రాథమిక నియమాలలోని (ఫండమెంటల్ రూల్స్) 17వ నియమం కింద జీతభత్యాలు రావు, 17-ఏ నియమం కింద దాన్ని సర్వీసులో విరామంగా కూడా లెక్కించవచ్చు.

ఇక మొదటి ప్రశ్న. ఇంటి నుంచి పని చేయడం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి హక్కుగా ఇచ్చిన సర్వీసు నియమం లేదు. 2020 మార్చి నుంచి డీఓపీటీ, అంటే కేంద్ర సిబ్బంది, శిక్షణ విభాగం, జారీ చేసిన ఉత్తర్వులు అంటువ్యాధి కాలానికి చేసిన ఏర్పాటు మాత్రమే. గర్భిణులకు, దివ్యాంగ ఉద్యోగులకు ఇచ్చిన మినహాయింపులతో సహా అవన్నీ 2022 ఫిబ్రవరి 7 నుంచి పూర్తి హాజరు ఉత్తర్వుతో ముగిశాయి. పైగా ప్రభుత్వోద్యోగి కాలమంతా ప్రభుత్వ అధీనంలో ఉంటుందని ప్రాథమిక నియమాలలోని 11వ నియమం చెబుతుంది. ప్రసూతి చట్టంలో ఇంటి నుంచి పని గురించి ఒక మాట ఉందని మీకు ఎవరైనా చెప్పి ఉండవచ్చు. 2017లో చేర్చిన ఆ నిబంధన ప్రసూతి సెలవు ముగిసిన తల్లికి సంబంధించినది, అది కూడా యజమాని ఒప్పుకుంటేనే. తొమ్మిదేళ్ల బిడ్డ ఉన్న మీకు అది పనికిరాదు. కాబట్టి ఇంటి నుంచి పని కొనసాగించమని ఆదేశించండి అంటూ కేంద్ర ఉద్యోగుల సర్వీసు వివాదాలు వినే ట్రిబ్యునల్‌కు వెళ్తే, డబ్బూ కాలమూ ఖర్చవడం తప్ప ఫలితం ఉంటుందని నేను అనుకోను.

అయితే రేపటి హాజరు వేరు, నిన్నటి గైర్హాజరు వేరు. మెమోలో అధికారి ఈ రెంటినీ ఒకే వాక్యంలో కలిపేశారు, మీరు విడదీయాలి. రేపటి నుంచి రమ్మనే అధికారం ఆయనకు ఉంది. ఇన్నాళ్లూ మీరు పని చేయనట్లు లెక్కగట్టే అధికారం అంత తేలిగ్గా లేదు. నోటి మాట నీటి మూట అంటారు గానీ, సర్వీసు చట్టంలో ఆ మూటలో కొంత నీరు నిలుస్తుంది. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి, 1964లోని 3(2) నియమం ప్రకారం పై అధికారి ఆదేశాలు సాధారణంగా రాతపూర్వకంగానే ఉండాలి, తప్పనిసరై నోటితో చెబితే ఆయన వెంటనే రాతలో ధ్రువీకరించాలి. ఆ నియమమే కింది ఉద్యోగి కూడా వీలైనంత త్వరగా రాతపూర్వక ధ్రువీకరణ అడగాలని అంటుంది గనుక మీ వైపు లోపం లేదని చెప్పలేను. కానీ లోపం ఇద్దరిదీ అయినప్పుడు శిక్ష ఒక్కరికే వేయడం ఏ విచారణాధికారికైనా కష్టమే. కృష్ణకాంత్ బి. పార్మర్ కేసులో సుప్రీంకోర్టు 2012లో స్పష్టం చేసిన మాట మీ సంజాయిషీకి వెన్నెముక కావాలి: గైర్హాజరు బుద్ధిపూర్వకమైనదని రుజువైతే తప్ప దాన్ని దుష్ప్రవర్తనగా పరిగణించలేరు. అధికారికి తెలిసి, ఆయన అప్పగించిన పనినే చేసి, నెలనెలా జీతం తీసుకున్న ఉద్యోగిని బుద్ధిపూర్వకంగా గైర్హాజరైందని ఎలా అంటారు?

ఈ వాదన నిలబడాలంటే ఆధారాలు కావాలి, వాటిని మీరు కార్యాలయంలో చేరకముందే భద్రపరచుకోవాలి. మీకు పని అప్పగిస్తూ వచ్చిన ఈమెయిళ్లు, పూర్తి చేసి పంపిన ఫైళ్ల తేదీలు, ‘ఈ నివేదిక సాయంత్రానికి కావాలి’ అంటూ పాత అధికారి పెట్టిన వాట్సాప్ సందేశాలు, ప్రతి నెలా జీతపు చీటీ, ఆ కాలంలో ఇంక్రిమెంటు వచ్చి ఉంటే ఆ ఉత్తర్వు, ఇవన్నీ తేదీల వరసలో అచ్చు తీయించండి. పాత ఫోన్ మార్చకండి, అమ్మకండి. కార్యాలయం దగ్గర ఉన్న నోట్ ఫైలు, హాజరు రికార్డుల నకళ్ల కోసం సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పాత అధికారి ఎక్కడో ఒకచోట ఒక చిన్న వాక్యం రాసి ఉంటే చాలు, మెమోలో సగం బలం పోతుంది.

అనుమతి లేకుండా ఆంధ్రాలో ఉన్నారన్న ఆరోపణకు మెమోతో జతపరిచిన లాగిన్ పట్టికే ఆధారమని మీ కాగితాల్లో చూశాను. అందులో చాలా రోజులకు ప్రదేశం విశాఖపట్నం అని, కొన్నిటికి హైదరాబాద్ అని ఉంది. సరిహద్దు ఊళ్లలో ఉండేవారికి ఇది నవ్వు తెప్పించే సంగతి. పర్లాకిమిడి దాటితే పాతపట్నం. మన ఇంటి వరండాలో నిలబడితే ఫోన్ ఒడిశా టవర్ పడుతుందో ఆంధ్రా టవర్ పడుతుందో ఆ క్షణం గాలిని బట్టి ఉంటుంది. ఇంటర్నెట్ చిరునామాను బట్టి చూపే ప్రదేశం చాలాసార్లు ఆ కంపెనీ పరికరాలు ఉన్న పెద్ద నగరమే తప్ప వాడుకరి ఇల్లు కాదు. ఒకే ఉదయం విశాఖ, గంట తరవాత హైదరాబాద్ అని చూపిన తేదీ ఒక్కటి పట్టికలోంచి ఏరి సంజాయిషీలో పెట్టండి, దానికి మీ విద్యుత్ బిల్లు, బాబు బడి లేదా ఫిజియోథెరపీ హాజరు కాగితం జతచేయండి. కేంద్ర స్థానం (హెడ్‌క్వార్టర్స్), అంటే భువనేశ్వర్, విడిచి పర్లాకిమిడిలో ఉండడానికి కూడా అనుమతి కావాలన్నది నిజమే. దానికి జవాబు పైన చెప్పిన నోటి అనుమతే. లేని ఆంధ్రా నివాసాన్ని ఖండించడంలో పడి, ఉన్న పర్లాకిమిడి నివాసాన్ని దాచాలని మాత్రం చూడకండి.

ఇంటి అద్దె భత్యం సంగతి కాస్త జాగ్రత్తగా చూడాలి. ఆ భత్యం రేటును నిర్ణయించేది ఉద్యోగి సొంతూరు కాదు, పని చేసే స్థానం. భువనేశ్వర్ వై తరగతి నగరం గనుక 2024 జనవరి నుంచి మూలవేతనంపై 20 శాతం. మీ కార్యస్థానం కాగితం మీద ఏనాడూ మారలేదు. ఏ నియమం కింద, ఏ నెల నుంచి ఏ నెల వరకు, ఎంత మొత్తం రాబట్టదలిచారో చెప్పమని రాతపూర్వకంగా అడగండి, ఆ జవాబు రాకముందే వాయిదాల్లో కడతానని ఒప్పుకోకండి. రఫీక్ మసీహ్ కేసులో సుప్రీంకోర్టు గ్రూప్ సి, డి ఉద్యోగుల నుంచి, వారి మోసం లేకుండా పొరపాటున చెల్లించిన అధిక మొత్తాన్ని రాబట్టడం తగదని చెప్పింది. అయితే ఈ తీర్పు మిమ్మల్ని కాపాడేది మీరు తప్పుడు ధ్రువీకరణ ఇవ్వనప్పుడే. భువనేశ్వర్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసిన తరవాత కూడా అక్కడే అద్దె కడుతున్నట్లు ఏదైనా కాగితం మీద సంతకం చేసి ఉంటే ఆ సంగతి ముందు మీ న్యాయవాదికి చెప్పండి.

మీకు నిజంగా చట్టం అండ ఉన్నది బాబు విషయంలో. కానీ ఇక్కడ కూడా ఒక తేడా గమనించాలి. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 20వ సెక్షన్ కింద తగిన వెసులుబాటు కల్పించాల్సింది దివ్యాంగుడైన ఉద్యోగికి. దివ్యాంగ బిడ్డ తల్లికి ఆ సెక్షన్ నేరుగా వర్తించదు. మీలాంటివారికి ఉన్నది 2018 అక్టోబరు 8 నాటి డీఓపీటీ ఉత్తర్వు. ఆధారపడిన దివ్యాంగ కుటుంబ సభ్యుడికి ప్రధాన సంరక్షకులైన ఉద్యోగులను మామూలు బదిలీల నుంచి మినహాయించడం గురించి అది చెబుతుంది. దీనికి తోడు భార్యాభర్తలను ఒకేచోట నియమించడంపై 2009 సెప్టెంబరు 30 నాటి ఉత్తర్వు ఉంది. ఈ రెంటినీ చూపి మీరు అడగాల్సింది ఇంటి నుంచి పని కాదు, బరంపురానికి బదిలీ. మీ శాఖకు అక్కడ ఉపకార్యాలయం ఉందని రాశారు కదా, అది మీకు దొరికిన పెద్ద వరం. ఎస్.కె. నౌషాద్ రహమాన్ కేసులో 2022 మార్చిలో సుప్రీంకోర్టు, బదిలీ హక్కు కాదంటూనే, విధానాలు రూపొందించేటప్పుడు కుటుంబ జీవితాన్ని, మహిళల పరిస్థితిని, దివ్యాంగుల అవసరాలను ప్రభుత్వం గమనంలో ఉంచుకోవాలని చెప్పింది. ఆ పేరాను మీ దరఖాస్తులో ఉటంకించండి.

బదిలీ తేలేవరకు శిశు సంరక్షణ సెలవు వాడుకోండి. కేంద్ర ఉద్యోగుల సెలవు నియమాల్లోని 43-సి కింద సర్వీసు మొత్తం మీద 730 రోజులు, అందులో మొదటి 365 రోజులకు పూర్తి జీతం, తరవాతి 365 రోజులకు 80 శాతం. మీరు ఇప్పటికి 210 రోజులు వాడానన్నారు గనుక పూర్తి జీతంతో ఇంకా 155 రోజులు మిగిలాయి. ముందుగా మంజూరు కావాలి, సెలవు హక్కుగా అడగలేం, ఏడాదికి మూడు విడతలు మించకూడదు. అయినా దివ్యాంగ బిడ్డ తల్లికి ఈ సెలవు నిరాకరించడాన్ని 2024 ఏప్రిల్‌లో శాలినీ ధర్మానీ కేసులో సుప్రీంకోర్టు ఎంత తీవ్రంగా చూసిందో తెలిసిన అధికారి తొందరపడి తిరస్కరించరు. ఇక ఆంధ్రా ధ్రువపత్రం ఒడిశాలో చెల్లదన్న మాటను పట్టించుకోకండి. దివ్యాంగుల హక్కుల చట్టంలోని 58వ సెక్షన్ ప్రకారం వైకల్య ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుంది.

సంజాయిషీ, బదిలీ దరఖాస్తు, సెలవు దరఖాస్తు మూడూ వేర్వేరు కాగితాలుగా ఇవ్వండి. ఒకే ఉత్తరంలో క్షమాపణ, వాదన, వేడికోలు కలిపి రాస్తే అధికారికి నచ్చిన ముక్కే ఫైల్లోకి ఎక్కుతుంది. ‘దయతో, సానుభూతితో పరిశీలించ ప్రార్థన’ అన్న వాక్యం మనవాళ్లకు చేతి అలవాటు. దాని చోట ఉత్తర్వు సంఖ్య, తేదీ రాయండి. చేరిక కాగితంలో మాత్రం ‘మెమోలోని ఆరోపణలను అంగీకరించకుండా, ఈ రోజు ఉదయం విధుల్లో చేరుతున్నాను’ అని ఒక్క వాక్యం చాలు. ప్రతి కాగితం నకలు మీద అందినట్లు ముద్ర, తేదీ వేయించుకోండి. వేయకపోతే అదే రోజు ఈమెయిల్‌లోను, స్పీడ్ పోస్టులోను పంపండి. బయోమెట్రిక్‌లో మీ పేరు తీసేసి ఉంటే హాజరు పట్టీలో సంతకం పెట్టనివ్వమని అడిగి, ఆ అడిగిన సంగతి కూడా రాతలో పెట్టండి.

ఇవన్నీ చేసినా అభియోగ పత్రం ఇచ్చి శిక్ష వేస్తే 45 రోజుల్లో అప్పీలు చేయాలి. అప్పీలు ఉత్తర్వు వచ్చిన ఏడాదిలోగా, ఆరు నెలలు గడిచినా జవాబు రాకపోతే ఆ తరవాతి ఏడాదిలోగా, కటక్‌లోని కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ బెంచ్‌కు వెళ్లవచ్చు. దరఖాస్తు రుసుము 50 రూపాయలు. అక్కడ ఓడితే హైకోర్టు డివిజన్ బెంచ్ ఉంది. మీవారి వంటి ఒడిశా రాష్ట్ర ఉద్యోగులకు ఈ దారి వేరు: వారి ట్రిబ్యునల్‌ను 2019లో రద్దు చేశారు, 2023లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది గనుక వారు నేరుగా కటక్ హైకోర్టుకే వెళ్లాలి.

న్యాయవాది ఖర్చు గురించి మీరు చివర్లో బెంగగా రాశారు. న్యాయ సేవల చట్టం, 1987లోని 12వ సెక్షన్ కింద మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. భువనేశ్వర్ బయలుదేరే ముందు ఒక పూట పర్లాకిమిడిలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు మెమో, లాగిన్ పట్టిక, బాబు ధ్రువపత్రం తీసుకుని వెళ్లండి. సంజాయిషీ ముసాయిదా అక్కడే రాయించుకోవచ్చు.