అణువులు మారిపోయినా జ్ఞాపకం ఎలా నిలుస్తుంది?

ప్రశ్న: శరీరంలోని ప్రొటీన్లు కొద్ది రోజులకో వారాలకో శిథిలమై, వాటి చోట కొత్తవి చేరుతుంటాయని చదివాను. మెదడులోనూ అంతే అయితే, బాల్యంలోని సంఘటన వృద్ధాప్యంలోనూ ఎలా గుర్తుంటుంది?

జవాబు: సరిగ్గా ఈ సందేహాన్నే డీఎన్ఏ నిర్మాణాన్ని ఆవిష్కరించినవారిలో ఒకరైన ఫ్రాన్సిస్ క్రిక్ 1984లో లేవనెత్తారు. దానికి సంపూర్ణమైన సమాధానం నేటికీ రాలేదు కానీ, దారి చాలావరకు తెలిసింది.

జ్ఞాపకం ఏదో ఒక కణంలో భద్రపరచిన వస్తువు కాదు. అసంఖ్యాకమైన నాడీకణాల మధ్య సంకేతాలు దాటే సంధుల (సినాప్స్‌ల) బలాబలాల్లో అది ఇమిడి ఉంటుందని ఎక్కువమంది శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. ఒక కణం మరొక కణాన్ని పదే పదే ఉత్తేజపరిస్తే వాటి మధ్య బంధం బలపడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త డొనాల్డ్ హెబ్ 1949లోనే ప్రతిపాదించారు. కుందేలు మెదడులో హిప్పోకాంపస్ అనే భాగానికి వెళ్లే నాడీతంతువులకు కొద్దిసేపు వేగంగా విద్యుత్ ప్రేరణలు ఇచ్చినప్పుడు, అక్కడి సంధులు ఆ తరువాత గంటల తరబడి మునుపటికన్నా బలంగా స్పందించాయని టిమ్ బ్లిస్, టెర్యే లోమో 1973లో వెల్లడించారు.

ఇది జరిగే తీరు అద్భుతమనే చెప్పాలి. సంధికి అవతలి కణం మీద ఎన్ఎండీఏ అనే గ్రాహకం, అంటే సంకేతాన్ని అందుకునే ప్రొటీన్, ఉంటుంది. దాని ద్వారాన్ని మామూలు వేళల్లో మెగ్నీషియం అయాను మూసి ఉంచుతుంది. ఇవతలి కణం నుంచి గ్లూటమేట్ అనే సంకేత రసాయనం వచ్చి చేరడం, అవతలి కణం అప్పటికే ఉత్తేజితమై ఉండడం, ఈ రెండూ ఒకేసారి జరిగితేనే ఆ అడ్డు తొలగి కాల్షియం లోపలికి వస్తుంది. దాని ప్రభావంతో ఆంపా అనే మరో రకం గ్రాహకాలు సంధి వద్దకు అదనంగా చేరి, తరువాత వచ్చే సంకేతాన్ని మరింత గట్టిగా అందుకుంటాయి. ఈ మార్పు ఎక్కువకాలం నిలవాలంటే మాత్రం కొత్త ప్రొటీన్లు తయారు కావాలి. సముద్రపు నత్తపై ఎరిక్ కాండెల్ బృందం జరిపిన పరిశోధనల్లో దీర్ఘకాలిక జ్ఞాపకంతో పాటు కొత్త సంధులే మొలిచాయి.

ఎలుకల్లో ఎన్ఎండీఏ గ్రాహకాలను మందుతో అడ్డుకున్నప్పుడు, నీటి తొట్టెలో దాగి ఉన్న దిమ్మె ఎక్కడుందో అవి సరిగా నేర్చుకోలేకపోయాయని 1986లో రిచర్డ్ మోరిస్ బృందం చూపింది. సంధి బలానికీ జ్ఞాపకానికీ ఉన్న సంబంధాన్ని ఇటువంటి ప్రయోగాలు బలపరుస్తున్నా, మనిషి జీవితానుభవం మొత్తాన్ని ఈ ఒక్క ప్రక్రియతోనే వివరించగలమనడం తొందరపాటు.

ఇక అణువులు మారిపోవడం గురించి క్రిక్ చేసిన సూచన ఇది: సంధిలోని అణువులు గుంపులుగా పనిచేస్తూ ఉండవచ్చు. అప్పుడు గుంపులో ఒక అణువు శిథిలమై కొత్తది వచ్చినా, మిగిలినవి దానిని తమ స్థితిలోకే మార్చుకుంటాయి. ఆ పని చేసే అణువు ఏదన్న విషయంపై పరిశోధనలు ఇంకా సాగుతున్నాయి.