జ్యూరీలో ఎవరు కూర్చున్నారు?

ప్రశ్న: అమెరికాలో తెల్లవాళ్ల మనసులు మారాకే నల్లజాతివాళ్లకు అనుకూలంగా చట్టాలొచ్చాయని మా లెక్చరర్ అంటారు. చట్టం వచ్చి మెడలు వంచితేనే మారారని మా అన్నయ్య వాదన. ఎవరిది కరెక్ట్? – ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: మీ అన్నయ్యకే ఎక్కువ మార్కులు, కానీ నూటికి నూరు వేయను. పెళ్లి సంగతే చూడండి. 1958లో గాలప్ సర్వేవాళ్లు అడిగితే, తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ మధ్య పెళ్లిళ్లు సరేనన్నది 4 శాతం. ఆ ఏడాదే వర్జీనియాలో రిచర్డ్ లవింగ్ అనే తెల్లాయన, నల్లజాతి అమ్మాయి మిల్‌డ్రెడ్ కలిసి వాషింగ్టన్ నగరానికి వెళ్లి పెళ్లి చేసుకుని ఇంటికొస్తే, షెరీఫ్ అర్ధరాత్రి టార్చిలైటుతో పడకగదిలోకే వచ్చి ఇద్దర్నీ అరెస్టు చేశాడు. పాతికేళ్లపాటు ఇద్దరూ కలిసి రాష్ట్రంలో అడుగు పెట్టకపోతే జైలు తప్పిస్తానన్నాడు జడ్జి! 1967లో సుప్రీంకోర్టు, అలాంటి పెళ్లిని నేరమనే ఆ చట్టాన్ని కొట్టేసింది. మరుసటి ఏడాది గాలప్ మళ్లీ అడిగితే సరేనన్నది 20 శాతమే. 2021కి అది 94 అయింది. అంటే కోర్టు జనం మనసు మారేదాకా కూర్చోలేదు. అలబామా అయితే ఎప్పుడో చెల్లకుండా పోయిన ఆ నిషేధాన్ని తన రాజ్యాంగంలో 2000 దాకా అట్టే పెట్టుకుంది, తీసేద్దామా అని ఓటింగ్ పెడితే అప్పుడు కూడా నూటికి నలభై మంది దాకా వద్దన్నారు.

మిగతా మార్కులు ఎందుకు కోశానంటే, హత్య నేరమని చట్టంలో మొదట్నుంచీ ఉంది, అయినా ఏం జరిగిందో చూడండి. 1963 జూన్ 12న మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లో నల్లజాతి ఉద్యమ నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌ని సొంత ఇంటి ముందే, కారు దిగగానే వెనకనుంచి కాల్చేశారు. తుపాకి దొరికింది, దానిమీద బైరన్ డి లా బెక్‌విత్ అనే తెల్లవాడి వేలిముద్ర కూడా దొరికింది. 1964లో రెండుసార్లు విచారణ జరిగితే రెండుసార్లూ జ్యూరీలో (ముద్దాయి నేరం చేశాడో లేదో తేల్చే మామూలు పౌరుల బృందం అది) పన్నెండుమందీ తెల్ల మగవాళ్లే, రెండుసార్లూ వాళ్లలో ఏకాభిప్రాయం కుదరక కేసు తేలలేదు. మాజీ గవర్నర్ రాస్ బార్నెట్ కోర్టు హాల్లోకే వచ్చి ముద్దాయికి షేక్‌హ్యాండ్ ఇచ్చి వెళ్లాడు, అందరూ చూస్తుండగానే. 1994లో మూడో విచారణ. అదే తుపాకి, అదే వేలిముద్ర, వాటికి తోడు అతను తానే చంపానని గొప్పలు చెప్పుకుంటుంటే విన్నవాళ్ల సాక్ష్యం. ఈసారి జ్యూరీలో ఎనిమిదిమంది నల్లజాతివాళ్లు, నలుగురు తెల్లవాళ్లు. యావజ్జీవం పడింది. ఎవర్స్ భార్య మర్లీ మొదటి విచారణ రికార్డు కాపీని అన్నేళ్లూ జాగ్రత్తగా దాచి ఉంచబట్టి గానీ, లేకపోతే ఈ కేసు మళ్లీ నడిచేదే కాదేమో.

ఆ కుర్చీల్లోకి కొత్తవాళ్లు ఎలా వచ్చారు? అక్కడ జ్యూరీ పేర్లు ఓటర్ల జాబితాలోంచి తీసేవారు. 1964లో మిసిసిపీలో ఓటు వయసున్న నల్లజాతివాళ్లలో ఓటు నమోదైంది సుమారు 7 శాతానికే. 1965లో ఓటు హక్కు చట్టం వచ్చాక, 1967కల్లా సుమారు 60. (ఆ రాష్ట్రంలో ఆడవాళ్లని జ్యూరీలోకి రానిచ్చిందే 1968లో, అదింకో కథ.) ఈ లెక్కలు మీ లెక్చరర్‌కీ అన్నయ్యకీ ఇద్దరికీ చూపించండి, ఆ రోజుకి గొడవ ఆగుతుంది.

ప్రశ్న: మా ఆఫీసులో రంగు గురించి ఎవరూ ఎవర్నీ ఒక్క మాట అనరు. ఇంకా న్యాయం కావాలని అడగడం దేనికి? – ఒక పాఠకుడు, అట్లాంటా

జవాబు: ఆఫీసు అయ్యాక అందరూ ఎక్కడికి వెళ్తారో చూడండి. 1930ల్లో ప్రభుత్వ సంస్థే నగరాల మ్యాపులు వేసి నల్లజాతివాళ్లుండే పేటలకి, అక్కడ అప్పివ్వడం ప్రమాదమన్నట్టు ఎర్ర రంగు పులిమింది. ఇంటి లోన్లకు ప్రభుత్వం ఇచ్చే గ్యారంటీ ఆ పేటలకు దాదాపు అందలేదు. ఇళ్ల విషయంలో వివక్ష కుదరదని చట్టం వచ్చేసరికి 1968. అప్పటికి తెల్లవాళ్ల ఇళ్ల ధరలు పెరిగి, ఆ డబ్బు పిల్లల చదువులకీ మరో ఇంటికీ చేరిపోయింది. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 2022 సర్వే ప్రకారం, వరసలో సరిగ్గా మధ్యన నిలిచే తెల్ల కుటుంబం ఆస్తి 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబానిది 44,900. నష్టపరిహారం ఆ దేశానికి తెలియని విద్యేం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో క్యాంపుల్లో బంధించిన జపాన్ సంతతివాళ్లలో బతికున్నవాళ్లకు 1988 చట్టంతో క్షమాపణ చెప్పి తలా 20,000 డాలర్లు ఇచ్చింది. బానిసల వారసుల మాటెత్తితే మాత్రం ఫైలు కదలదు.

ప్రశ్న: మన భారతీయులు అక్కడ మొదట్నుంచీ నల్లజాతివాళ్ల పక్షమేనా? – మరో పాఠకురాలు

జవాబు: అంత లేదండీ. మనవాళ్లు పెద్దసంఖ్యలో వెళ్లడానికి దారి వేసిన 1965 వలస చట్టం, నల్లజాతి ఉద్యమం ఊపులో ఉన్న రోజుల్లో వచ్చిందే. అంతకుముందు సంగతి వేరు. పంజాబీ సిక్కు భగత్ సింగ్ థింద్ తనది అగ్రకులమనీ ఆర్యరక్తమనీ, కాబట్టి తాను తెల్లవాడి కిందే లెక్కనీ పౌరసత్వం అడిగాడు. ఆ వాదన చదువుతుంటే నాకైతే సిగ్గేసింది. 1923లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, మామూలు జనం అనుకునే అర్థంలో నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మంది. అప్పటికే పౌరసత్వం ఉన్న చాలామంది భారతీయులవి కూడా లాగేసుకున్నారు. చివరికి 1936లో థింద్‌కి పౌరసత్వం వచ్చింది, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన కోటాలో.