కెర్నెల్ మెమరీ పరీక్ష: ప్యాటర్న్‌లు పెంచితే సరిపోదు

ప్రశ్న: మా ల్యాబ్‌లో ఒక లినక్స్ కంప్యూటర్‌లో పెద్ద ప్రోగ్రాములు కంపైల్ చేస్తుంటే, ఒక్కోసారి ఒక్కో ఫైలు దగ్గర జీసీసీ కంపైలర్ ఆగిపోతోంది. బూట్ లైన్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు లినక్స్ కేంద్ర భాగమైన కెర్నెల్‌కు ఇచ్చే ఆప్షన్ల వరుస) ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్=1 ఇచ్చి చూశాం. తప్పేమీ కనబడలేదు. ర్యామ్ బాగున్నట్టేనా?
— ల్యాబ్ అసిస్టెంట్, కాకినాడ

జవాబు: అప్పుడే ఆ నిర్ణయానికి రాకండి. ఆ అంకె ఎన్ని ప్యాటర్న్‌లు (ర్యామ్‌లో రాసి, తిరిగి చదివి పోల్చే బిట్ల వరుసలు) వాడాలో చెబుతుంది. 1 అంటే అన్నీ సున్నాలే ఉన్న ఒక్క ప్యాటర్న్. ఏదైనా ఒక బిట్ 0 విలువ దగ్గరే బిగుసుకుపోయి ఉంటే, అక్కడ 0 రాసి 0 చదివితే లోపం ఎలా బయటపడుతుంది? 4 ఇస్తే అన్నీ ఒకట్లు, 0101, 1010 వరుసలు కూడా వస్తాయి. అంకె లేకుండా ఉత్త మెమ్‌టెస్ట్ అని రాస్తే మొత్తం 17 ప్యాటర్న్‌లూ నడుస్తాయి.

అసలు పరీక్ష జరిగిందో లేదో ముందు చూసుకోండి. కెర్నెల్‌ను కాన్ఫిగ్_మెమ్‌టెస్ట్ అనే సెట్టింగ్ లేకుండా కట్టి ఉంటే ఈ ఆప్షన్ ఏ పనీ చేయదు. 2023 తర్వాతి కెర్నెల్‌లలో ప్రాక్ ఫోల్డర్ కింది మెమ్‌ఇన్ఫో ఫైలులో ఎర్లీమెమ్‌టెస్ట్‌బ్యాడ్ అనే వరుస ఉంటేనే పరీక్ష జరిగినట్టు. అక్కడ 0 కేబీ ఉంటే ఒక్క చెడ్డ బైట్ కూడా దొరకలేదని అర్థం.

అప్పటికీ అనుమానం పోకపోతే పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86+ అనే విడి ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్‌ను రాత్రంతా నడపండి. కెర్నెల్ పరీక్ష బూట్ సమయంలో ఖాళీగా ఉన్న చోటునే చూస్తుంది, కెర్నెల్ ఇమేజ్ కూర్చున్న చోటును ముట్టుకోదు.

ప్రశ్న: కెర్నెల్‌లోని ఈ మెమరీ పరీక్షను మెరుగుపరచడం మా ప్రాజెక్టు. రాసే లూప్‌కీ చదివే లూప్‌కీ మధ్య ఒక బిట్‌ను మేమే తిప్పాం. ప్యాటర్న్‌లు 30కి పెంచినా అది అన్నిసార్లూ దొరకడం లేదు. కంపైలర్ క్లాంగ్.
— ఇంజనీరింగ్ విద్యార్థులు, వరంగల్

జవాబు: ప్యాటర్న్‌ల జోలికి వెళ్ళేముందు కంపైలర్ సంగతి చూడండి. మామూలు పాయింటర్‌తో ఒక విలువ రాసి వెంటనే అదే చదివితే, మధ్యలో దాన్ని మార్చేవాళ్ళు లేరని కంపైలర్ నమ్ముతుంది. చదవడం అనవసరమని తీసేస్తుంది. పోలిక ఎప్పుడూ నిజమే అవుతుంది, చెడ్డ ర్యామ్ కూడా పాసవుతుంది. అసలు కెర్నెల్‌లోనూ క్లాంగ్‌తో ఇదే జరిగింది. 2024లో రాతకు రైట్_వన్స్, చదువుకు రీడ్_వన్స్ (కంపైలర్ ఆ పనిని తీసేయకుండా ఆపే మాక్రోలు) పెట్టి సరిచేశారు. మీ సోర్స్ అంతకుముందుదైతే ఆ రెండు వరుసలూ మార్చండి. తర్వాత ఆబ్జ్‌డంప్‌తో (కంపైల్ అయిన కోడ్‌ను ఇన్‌స్ట్రక్షన్‌లుగా చూపే టూల్) రెండో లూప్ విప్పి, మెమరీ నుంచి లోడ్ చేసే ఇన్‌స్ట్రక్షన్ ఉందో లేదో కళ్ళారా చూడండి. మీరు బిట్ తిప్పే వరుసకు కూడా రైట్_వన్స్ వాడండి.

ఇక ప్యాటర్న్‌లు. ఎన్ని పెంచినా ఒక లోపం దొరకదు, అదే అడ్రస్ లైన్ (ఏ మెమరీ గడి కావాలో చెప్పే తీగ) లోపం. ఒక లైన్ చెడిపోతే రెండు అడ్రస్‌లు ఒకే గడికి చేరతాయి. అంతటా ఒకే విలువ రాస్తే ఏ అడ్రస్‌తో చదివినా అదే వస్తుంది. అందుకే ప్రతి 8 బైట్ల చోటా దాని ఫిజికల్ అడ్రస్‌నే విలువగా రాయండి. ఆ తర్వాత అదే విలువను బిట్‌లన్నీ తిరగేసి, పై నుంచి కిందికి ఇంకోసారి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. ఇప్పటి కోడ్ ఒక ఖాళీ రేంజ్‌ను (వరుసగా ఉన్న మెమరీ ముక్కను) రాసి, చదివి, తర్వాతి రేంజ్‌కు వెళ్తుంది. కలిసిపోయిన రెండు అడ్రస్‌లు వేర్వేరు రేంజ్‌లలో ఉంటే, రెండోది చెరిపేసరికి మొదటిదాన్ని చదవడం అయిపోయింది. కాబట్టి మీ అడ్రస్ పాస్‌లో (అడ్రస్‌లను విలువలుగా రాసి చదివే విడతలో) ముందు అన్ని రేంజ్‌లూ రాయండి, ఆపైనే అన్నీ చదవండి. ఈ పాస్‌ను సున్నాల ప్యాటర్న్ కంటే ముందే ముగించాలి. పరీక్ష అయ్యాక మెమరీ సున్నాలతో మిగలాలన్న నియమం కోసమే ఆ ప్యాటర్న్‌ను పట్టికలో మొదట పెట్టి, వెనుక నుంచి నడుపుతారు.

ప్రశ్న: చెడ్డ చోటు ఒక్కటే దొరికింది. ర్యామ్ మార్చాల్సిందేనా?
— పాఠకుడు, విజయవాడ

జవాబు: కొత్తది వచ్చేదాకా నెట్టుకురావచ్చు, ముందు బ్యాకప్ తీసుకోండి. చెడింది 8 బైట్లే అయినా ఆ 4 కేబీ పేజీ అంతటినీ కెర్నెల్ పక్కన పెడుతుంది. అయితే అది ఆ బూట్‌కే. ప్రతిసారీ పరీక్ష నడపకూడదంటే డీమెసేజ్‌లోని (కెర్నెల్ సందేశాల లాగ్) అడ్రస్ తీసుకుని మెమ్‌మ్యాప్ అనే బూట్ ఆప్షన్‌లో సైజు, డాలర్ గుర్తు, అడ్రస్ ఇవ్వండి. డిఫాల్ట్ గ్రబ్ ఫైల్‌లో (బూట్ లోడర్ గ్రబ్ సెట్టింగ్‌ల ఫైలు) డాలర్‌కు ముందు మూడు బ్యాక్‌స్లాష్‌లు పెట్టాలి, లేకపోతే గ్రబ్ దాన్ని మింగేస్తుంది. రీబూట్ చేశాక ప్రాక్ కింది సీఎమ్‌డీలైన్ ఫైలులో ఆ గుర్తు ఉందో లేదో చూడండి.